ఎలుక కాసిన కావలి

మొగలిదిబ్బ మీద సముద్రపు పిట్టలు గుడ్లు పోగొట్టుకున్నది గద్ద వల్ల కాదు, ఎండ వల్ల కూడా కాదు. తమ కావలిని తీసుకెళ్ళి ఎలుక చేతిలో పెట్టడం వల్ల.

మొగలిదిబ్బ తీరానికి చాలా దూరంగా, సముద్రం మధ్యలో ఉన్న చిన్న లంక. దాని ఒక కొసన దట్టమైన మొగలిపొదల అడవి ఉండేది. మిగిలినదంతా ఇసుక. అడవిలో తొండలు, ఇసుకలో ఎర్రపీతలు బతికేవి. ఏటా తాబేళ్ళు వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోయేవి. అందరికంటే ఎక్కువమంది సముద్రపు పిట్టలు. తెల్లటి ఒళ్ళు, నెత్తిన నల్లటి టోపీ, కత్తెరలా చీలిన తోక.

ఆ పిట్టలు గూడు కట్టవు. పొట్టతో ఇసుకలో గుంట చేసి, అందులో ఒకే ఒక గుడ్డు పెడతాయి. వేసవిలో ఆ ఇసుక పెనంలా కాలుతుంది. తల్లి లేచి పక్కకు వెళ్తే కాసేపట్లో గుడ్డు మాడిపోతుంది. అందుకని తల్లీ తండ్రీ వంతులు వేసుకుంటాయి. ఒకటి గుడ్డు మీద కూర్చుంటే, ఇంకొకటి వెళ్ళి సముద్రంలో పొట్ట ఈకలు తడుపుకుని వస్తుంది. ఆ తడి తగిలితే గుడ్డు చల్లబడుతుంది.

ఎంత జాగ్రత్త పడినా ఒకటీ అరా మాడేవి. మాడిన గుడ్డును గుంటలోంచి బయటికి తోసేసేవి. అది పీతల వాటా.

దిబ్బ మధ్యలో ఒక ఎత్తైన రాయి ఉంది. దాన్ని కావలిరాయి అనేవారు. ఆ రాతి మీద ఎప్పుడూ ఒక పిట్ట నిలబడి ఆకాశాన్ని చూస్తూ ఉండాలి. గద్ద కనిపిస్తే కేక వేయాలి. కేక వినగానే దిబ్బ మీద ఉన్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, అరుస్తూ గద్ద మీదికి పోవాలి. అది వాటి కట్టుబాటు. ఎవరూ లేవకుండా ఉండకూడదు. లేవని పిట్టను గుడ్డుచాటు పిట్ట అని వెక్కిరించేవారు. ఆ పేరు పడ్డాక దానితో ఎవరూ మాట్లాడేవారు కాదు.

సూదిముక్కు ఆ దిబ్బ మీదే పుట్టింది. దాని జతగాడు పొడుగురెక్క. ఇద్దరూ పనిమంతులు. తమ వంతు వచ్చినప్పుడల్లా కావలిరాతి మీద మిట్టమధ్యాహ్నం కాళ్ళు కాలుతున్నా నిలబడేవారు.

ఒక ఏడాది పెద్ద తుఫాను వచ్చింది. అది తగ్గాక ఒక పడవ చెక్క ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని మీద తడిసి ముద్దయిన ఎలుకల జంట ఉంది. అంతవరకు దిబ్బ మీద ఎవరూ ఎలుకను చూసి ఎరగరు.

పిట్టలన్నీ చుట్టూ మూగాయి. అందరికంటే పెద్దది వెండిరెక్కల పెద్దమ్మ. అది ఎలుకలను అటూ ఇటూ తిరిగి చూసింది.

"నాలుగు కాళ్ళున్నాయి. రెక్కలు లేవు. వీటితో మనకేం భయం? ఉండనివ్వండి," అంది.

పిట్టలకు ఎప్పుడూ ఆపద ఆకాశంలోంచే వచ్చింది. నేల మీద నడిచేదాన్ని చూసి భయపడాలని వాటికి తోచలేదు.

ఎలుకలు మొగలిపొదల్లో కాపురం పెట్టాయి. మొదట్లో పిట్టలు పారేసిన చేప ముక్కలు తిన్నాయి. ఎవరి జోలికీ పోలేదు. మగ ఎలుక పేరు తెల్లమీసం. దానికి మాట తీరు బాగా తెలుసు.

ఒక మధ్యాహ్నం అది పెద్దమ్మ దగ్గరికి వచ్చి తల వంచి నిలబడింది.

"అమ్మగారూ, ఈ ఎండలో మీ పిల్లలు ఆ రాతి మీద మాడిపోతుంటే చూడలేకపోతున్నాను. రాతికి ఒక బీట ఉంది. నేనైతే అందులో నీడన కూర్చుని కావలి కాస్తాను. మీరు నాకు పెట్టిన అన్నం ఊరికే తిన్నట్టు ఉండకూడదు."

"దానికి బదులు నీకేం కావాలి?" అంది పెద్దమ్మ.

"నాకేం కావాలమ్మా! మీరు పారేసే మాడిన గుడ్లు చాలు."

పిట్టలకు ప్రాణం లేచివచ్చింది. ఎవరికీ ఆ మధ్యాహ్నపు వంతు ఇష్టం లేదు. ఒప్పుకోనిది సూదిముక్కు ఒక్కటే.

"పెద్దమ్మా, ఎలుక నేల చూపుల జంతువు. దానికి ఆకాశంతో ఏం పని?" అంది.

"గద్దంటే ఎలుకకు మనకంటే ఎక్కువ భయం. భయం ఉన్నవాడే బాగా చూస్తాడు," అంది పెద్దమ్మ.

ఆ మాట సబబుగానే ఉంది.

ఇంతలో ఒక ముసలి ఎర్రపీత పక్కవాటంగా పరిగెత్తుకొచ్చింది. "ఏమమ్మా పెద్దమ్మా, నా కూడు తీసి ఎలుక నోట్లో పెడతారా? కావలే కావాలంటే నేను లేనా? నా కళ్ళు చూడండి, కాడల మీద ఎంత ఎత్తున ఉన్నాయో!"

"నీ కళ్ళు పొడుగే కానీ చూపు పొట్టి. పోవయ్యా, పో!" అంది పెద్దమ్మ. పిట్టలన్నీ నవ్వాయి. పీత బొరియలోకి దిగిపోయింది.

కొంతకాలం అంతా బాగానే జరిగింది. గద్ద వచ్చినప్పుడు తెల్లమీసం కేక వేసేది. పిట్టలు లేచి దాన్ని తరిమేవి.

ఒక రోజు మిట్టమధ్యాహ్నం ఒక మబ్బునీడ దిబ్బ మీద నుంచి పోయింది. తెల్లమీసం నిజంగానే బెదిరి "గద్ద! గద్ద!" అని అరిచింది. పిట్టలన్నీ లేచాయి. చాలాసేపు వెతికాయి. ఏమీ కనిపించలేదు. తిరిగి వచ్చేసరికి కొన్ని గుడ్లు మాడిపోయి ఉన్నాయి. వాటిని బయటికి తోసేశాయి.

ఆ సాయంత్రం ఎలుకలు కడుపునిండా తిన్నాయి. తెల్లమీసానికి ఆ రోజే తెలివి వచ్చింది.

అప్పటినుంచి అది ఇసుక బాగా కాలే వేళ చూసి అరవడం మొదలుపెట్టింది. పిట్టలు లేచేవి. ఆకాశం ఖాళీగా ఉండేది.

"చూశారా! మన కేకలు వినే గద్ద పారిపోయింది. కంటికి కనబడటానికి కూడా దానికి ధైర్యం చాల్లేదు," అనేది పెద్దమ్మ.

పిట్టలకు ఆ మాట ఎంతో నచ్చింది. లేని గద్దను తరిమినందుకు రోజూ సాయంత్రం గొప్పలు చెప్పుకునేవి. "నేను ముందు లేచాను" అని ఒకటి, "నా అరుపుకే జడిసింది" అని ఇంకొకటి. మాడిన గుడ్ల సంగతి వచ్చేసరికి అందరూ తల్లుల మీద పడేవారు.

సూదిముక్కు గుడ్డు కూడా మాడింది. అది ఆ గుడ్డును గుంటలోంచి తోయలేక అలాగే చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ వచ్చింది.

"పొట్ట సరిగా తడుపుకుని రాలేదా ఏమే?"

"నీళ్ళు కారుతుండగానే వచ్చి కూర్చున్నాను పెద్దమ్మా. లేపింది ఎలుక. తిరిగొచ్చేసరికి..."

"నీ పక్కవాళ్ళూ లేచారుగా! వాళ్ళ గుడ్డు బాగానే ఉంది. కూర్చోవడం చేతకాని వాళ్ళంతా ఎలుకను అంటే సరిపోతుందా?"

పక్క గుంటలోని పిట్టలు ముఖాలు తిప్పుకున్నాయి. మర్నాడు వాటి గుడ్డు కూడా మాడింది. అప్పుడు వాటినీ అలాగే అన్నారు. మాట పడ్డ తల్లులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. ప్రతి తల్లీ తప్పు తనదే అనుకుంది.

సూదిముక్కు మళ్ళీ గుడ్డు పెట్టింది. ఆ ఏడాదికి ఇక అదే ఆఖరు. వానలు దగ్గరపడుతున్నాయి. అది కూడా పోతే వచ్చే వేసవి దాకా పిల్ల లేదు. అసలు వచ్చే వేసవికి ఈ దిబ్బ మీద పిల్లలు ఉంటాయో లేదో దానికి నమ్మకం లేదు. చుట్టూ ఖాళీ గుంటలే కనిపిస్తున్నాయి. మొగలిపొదల్లో మాత్రం ఎలుక పిల్లలు కిచకిచలాడుతున్నాయి.

గుడ్డులో పిల్ల కదలడం మొదలైంది. లోపలినుంచి పెంకును టిక్కు టిక్కుమని పొడుస్తోంది. సూదిముక్కు జతగాడిని పిలిచింది.

"ఈసారి ఎలుక అరిస్తే నేను లేవను," అంది.

పొడుగురెక్క అదిరిపడ్డాడు. "పిచ్చా నీకు? గుడ్డుచాటు పిట్ట అంటారు."

"అననీ."

"నిజంగా గద్దే వస్తే?"

"గుడ్డు మీద నేనున్నాను కదా. ముందు నన్ను ఎత్తుకుపోవాలి."

"నువ్వు పోతే నేనేం చెయ్యను?"

"పొట్ట తడుపుకుని వచ్చి కూర్చో," అంది సూదిముక్కు.

ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. తెల్లమీసం "గద్ద! గద్ద!" అని అరిచింది. దిబ్బంతా ఒక్కసారిగా పైకి లేచింది. సూదిముక్కు కాళ్ళు కూడా లేవబోయాయి. పుట్టినప్పటినుంచి ఉన్న అలవాటు అది. ఇసుకలో గోళ్ళు గుచ్చి తనను తాను ఆపుకుంది.

అప్పుడు చూసింది.

మొగలిపొదల్లోంచి ఎలుకలు బయటికి వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు, పెద్ద గుంపు. ఎండకు గుడ్లు మాడేదాకా ఆగే ఓపిక వాటికి ఇప్పుడు లేదు. కొన్ని గుడ్లను గుంటల్లోంచి కాలే ఇసుక మీదికి దొర్లిస్తున్నాయి. కొన్ని అక్కడే కొరికి తింటున్నాయి. అప్పుడే పెంకు పగిలి బయటికి వచ్చిన ఒక పిల్లను ఒక ఎలుక మెడ పట్టుకుని పొదల్లోకి ఈడ్చుకుపోయింది. ఆ పిల్ల గొంతు పైనున్న పిట్టల గోలలో ఎవరికీ వినపడలేదు.

కావలిరాతి మీద తెల్లమీసం ఆకాశం వైపు చూడటం లేదు. కిందికి చూస్తోంది. ఏ గుంట దగ్గరికి పోవాలో మిగతావాటికి తోకతో చూపిస్తోంది.

దాని చూపు సూదిముక్కు మీద పడింది. అది రాయి దిగి మెల్లగా దగ్గరికి వచ్చింది.

"ఏమ్మా, లేవలేదే? గద్ద వచ్చింది."

"ఎక్కడుంది?"

"అదిగో, పైన."

"నువ్వు చూపించేది పైకి కాదు," అంది సూదిముక్కు. "నాకు కనిపించే దొంగ నేల మీదే ఉన్నాడు."

తెల్లమీసం మర్యాద అక్కడితో అయిపోయింది. అది మీదికి దూకి సూదిముక్కు కాలు కొరికింది. సూదిముక్కు లేవలేదు. కాలు ఎలుక నోట్లో ఉండగానే ముక్కుతో దాని కంటి మీద పొడిచింది. ఎలుక కీచుమంటూ వెనక్కి పడింది. పైనుంచి పొడుగురెక్క అది చూసి బాణంలా దిగాడు. ఎలుక పొదల్లోకి పారిపోయింది.

సూదిముక్కు కాలి వేలు ఒకటి తెగిపోయింది. గుడ్డు దాని పొట్ట కింద భద్రంగా ఉంది.

పిట్టలు దిగగానే సూదిముక్కు తాను చూసిందంతా చెప్పింది. పొడుగురెక్క కూడా చెప్పాడు. ఖాళీ గుంటలు కళ్ళముందే ఉన్నాయి. ఎలుకల అడుగులు ఇసుకలో పడి ఉన్నాయి.

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "కేక వినబడ్డా నువ్వు లేవలేదు. కట్టుబాటు తప్పిన గుడ్డుచాటు పిట్ట మాట మేం వినాలా?"

"నా మాట వినొద్దు పెద్దమ్మా. ఇసుక చూడండి," అంది సూదిముక్కు.

పెద్దమ్మ ఇసుక చూడలేదు. చూస్తే, ఇన్నాళ్ళూ తాను తరిమింది గాలినని ఒప్పుకోవాలి. తాను తిట్టిన తల్లులందరికీ జవాబు చెప్పాలి. అది తల ఎత్తుకునే నిలబడింది.

తెల్లమీసం పొడుపు పడిన కన్ను మూసుకుని వచ్చింది. "నా వల్ల మీలో మీకు గొడవలెందుకమ్మా? నేను తప్పుకుంటాను. రేపటినుంచి మధ్యాహ్నపు కావలి మీరే కాసుకోండి. ఎవరు కాస్తారో చెప్పండి, రాయి అప్పగిస్తాను," అంది.

పిట్టలు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి.

"నేను కాస్తాను," అన్నాడు పొడుగురెక్క. ఆ మూల నుంచి ఒకటి, ఈ మూల నుంచి ఒకటి "మేమూ" అన్నాయి. అంతే. మిగిలినవన్నీ సముద్రం వైపు చూస్తూ ఊరుకున్నాయి. ఆ కొద్దిమంది చాలరని కావలి ఎలుక చేతిలోనే ఉండిపోయింది.

ఎలుక అబద్ధం సూదిముక్కును అంతగా బాధపెట్టలేదు. తనవాళ్ళ మౌనం బాధపెట్టింది. నిజం తెలిసి కూడా వాళ్ళు ఎలుకనే ఎంచుకున్నారు. ఎందుకంటే ఎలుకను పంపేస్తే ఎండలో నిలబడాలి.

సూదిముక్కు గుడ్డులోంచి పిల్ల బయటికి వచ్చింది. రెక్కలు వచ్చేదాకా భార్యాభర్తలిద్దరూ దాన్ని క్షణం వదల్లేదు. వానలకు ముందు పిల్లను తీసుకుని దిబ్బ వదిలారు. వారితో కొన్ని జంటలు మాత్రమే బయలుదేరాయి.

తరువాతి వేసవికి అవి ఉప్పుమెట్ట చేరాయి. అది సముద్రంలో పైకి తేలిన ఒట్టి ఇసుకమెట్ట. అక్కడ పొద లేదు, నీడ లేదు, ఎత్తైన రాయి లేదు. పెద్ద పోటు వచ్చినప్పుడు అలలు సగం మెట్ట మీదికి ఎక్కేవి. మొదటి ఏడాది కొన్ని గుడ్లు అలల్లో కొట్టుకుపోయాయి.

"అక్కడ ఎలుక, ఇక్కడ అల. ఏం తేడా?" అని ఏడ్చింది ఒక తల్లి.

"అల మళ్ళీ వస్తుందని తెలుసు, ఎక్కడిదాకా వస్తుందో కూడా ఇప్పుడు తెలిసింది. పైకి జరుగుదాం," అంది సూదిముక్కు.

అవి మెట్ట నడినెత్తికి జరిగాయి. గుంటలు దగ్గరదగ్గరగా చేసుకున్నాయి. అక్కడ రెండు కావళ్ళు పెట్టుకున్నాయి. ఒక పిట్ట ఆకాశం చూసేది. ఇంకొకటి నీటి అంచున తిరుగుతూ కొట్టుకొచ్చే చెక్కలను, దుంగలను చూసేది. ఒకసారి గాలివాన తరువాత ఒక దుంగ వచ్చింది. దాని తొర్రలో ఎలుక ఉంది. అది ఇసుక మీద కాలు పెట్టకముందే పిట్టలన్నీ ఒకటై దాని మీదికి దిగాయి. దుంగతోపాటు అది కెరటాల్లోకి పోయింది. ఆ రోజు ఎవరూ గొప్పలు చెప్పుకోలేదు.

మొగలిదిబ్బ కబుర్లు అప్పుడప్పుడు వచ్చేవి. ఎలుకలకు ఇప్పుడు కేకతో పని లేదు. పట్టపగలే తల్లి కిందనుంచి గుడ్డు లాక్కుంటున్నాయి. పీతలు అయిపోయాయి. ముసలి పీత బొరియలో కూడా ఎలుకలే ఉన్నాయి. తాబేళ్ళ గుడ్లను ఇసుక తవ్వి తింటున్నాయి. పిట్టలు ఎగిరి పోగా పోగా దిబ్బ ఖాళీ అయింది.

ఒక రోజు సూదిముక్కు చేపల వెంట పోతూ అటుగా వెళ్ళింది. దిబ్బ మీద ఒకే ఒక పిట్ట కూర్చుని ఉంది. వెండిరెక్కల పెద్దమ్మ. సూదిముక్కు కిందికి దిగకుండా గాలిలోనే నిలిచి పిలిచింది.

"పెద్దమ్మా! మా మెట్టకు రండి. చోటుంది."

"గుడ్డు మీద ఉన్నాను, కనబడటం లేదూ? లేవకూడదు," అంది పెద్దమ్మ.

గాలికి దాని ఈకలు కొంచెం లేచాయి. పొట్ట కింద ఉన్నది గుడ్డు కాదు. గుడ్డంత గులకరాయి.

సూదిముక్కు చాలాసేపు పిలిచింది. పెద్దమ్మ కదల్లేదు. "ఎవరూ చూడటం లేదు పెద్దమ్మా, ఎవరూ ఏమీ అనరు, రండి," అంది. ఆ మాటకు పెద్దమ్మ తల తిప్పుకుంది. తరువాతి వేసవికి పెద్దమ్మ కూర్చున్న చోట ఆ గులకరాయి మాత్రమే ఉంది.

ఉప్పుమెట్ట మీద పిట్టలు పెరిగాయి. పిల్లలు పెద్దవై తమ పిల్లలను కన్నాయి. వాటిలో చాలావాటికి మొగలిదిబ్బ ఎలా ఉంటుందో తెలియదు. ఎండ మాత్రం అదే ఎండ. మెల్లగా మధ్యాహ్నపు వంతు దగ్గర గొడవలు మొదలయ్యాయి. ఒకటి కాలు నొప్పి అనేది. ఇంకొకటి గుడ్డు కొత్తది అనేది. పొద్దుటి వంతుకు మాత్రం అందరూ ముందుకొచ్చేవారు.

ఒక సాయంత్రం కుర్రపిట్టలన్నీ కలిసి వచ్చాయి.

"అమ్మమ్మా, గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు ఎలాగూ మన మెట్టకు వచ్చిపోతున్నాయి. ఈ కావలి వాటికి అప్పగించకూడదా? అవి మంచివి కదా. ఎలుకల్లాంటివి కావు," అన్నాయి.

సూదిముక్కు ముసలిదైపోయింది. రెక్కల్లో మునుపటి బలం లేదు. వేలు లేని కాలు చలిగాలికి సలుపుతోంది. అది వాటిని తిట్టలేదు. ఎలుకల కథ మళ్ళీ మొదలుపెట్టలేదు.

"తాబేలు మంచిదే. కానీ గుడ్డు దానిది కాదు," అంది. "మీకు బరువుగా ఉన్నది మధ్యాహ్నపు వంతే కదా? అది ఇకనుంచి నాది. మిగతా వంతులు మీరు పంచుకోండి."

"రోజూనా?" అంది ఒక కుర్రపిట్ట.

"రోజూ."

మర్నాడు ఇసుక కాలే వేళకు సూదిముక్కు మెట్ట కొసకు నడిచి వెళ్ళి నిలబడింది. ఆ తరువాతి రోజూ నిలబడింది. ఎగరగలిగినంత కాలం ఎగిరి చూసింది, ఎగరలేనప్పుడు నిలబడి చూసింది. కొన్నాళ్ళకు సిగ్గుపడి కుర్రపిట్టలు "అమ్మమ్మా, ఇవాళ మేం నిలబడతాం" అంటూ వచ్చాయి. అది వాటిని పక్కన నిలబడనిచ్చింది. తాను మాత్రం తప్పుకోలేదు. ఆ వేసవిలోనూ, దానికి మిగిలిన వేసవులన్నిటిలోనూ మధ్యాహ్నపు వంతు సూదిముక్కుదే.

నీతి: మన నష్టంతో కడుపు నింపుకునేవాడిని కావలి పెడితే నష్టం ఆగదు, ఎంత ఎండైనా మన పిల్లల కావలి మనమే కాయాలి.